మా అవ్వ చెవిలోకి మందు పోయే దారి

పుంగనూరు దగ్గర మా తండాలో మా అవ్వతో మాట్లాడాలంటే అరవాలి. ఆమె పుట్టు చెవిటి కాదు. నేను పుట్టకముందు ఆమెకు టీబీ రెండోసారి తిరగబెట్టింది. రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు వేసినారు. టీబీ పోయింది. కానీ తల తిరగడం మొదలైంది, తర్వాత చెవుల్లో హోరు, తర్వాత మాటలే వినపడలేదు. ఇట్లా కావచ్చునని ముందుగా ఎవరూ చెప్పలేదంట.

అయినా ఆ మందును తిట్టలేము. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో టీబీ ఆసుపత్రి తెరిచినప్పుడు ఆ రోగానికి మందే లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, అంతే. స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది. మా అవ్వ బతికింది దానితోనే.

లోపలి చెవిలో కాక్లియా నత్తగుల్ల మాదిరి చుట్టుకొని ఉంటుంది. అందులో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. శబ్దాన్ని పట్టి నరానికి అందించేవి అవే. ఆ సూదిమందు చంపింది వీటినే. చచ్చిపోతే మనుషులకు మళ్ళీ పుట్టవు. కోళ్ళకైతే పుడతాయి! ఇది చదివి నేను నమ్మలేదు, టీచరును అడిగి రాస్తున్నాను.

మరి మంచి మందు పంపకూడదా? రక్తానికీ లోపలి చెవికీ మధ్య ఒక అడ్డు ఉంది, చాలా మందులను అది పోనివ్వదు. కర్ణభేరి వెనక సూదితో పోస్తే చాలావరకు నాళంలో గొంతులోకి జారిపోతుంది. అక్కడ గుండ్రని కిటికీ అనే పలుచని పొర ఉంది. శాస్త్రజ్ఞులు దాని గుండా పోయేటట్టు మందును నానో గుళికల్లో పెడుతున్నారు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఆపరేషనుకు వేసే కరిగిపోయే కుట్ల పదార్థంతోనే కొన్ని గుళికలు చేస్తారు. అవి మెల్లగా కరిగి మందు వదులుతాయి. ఇవి ఎక్కువగా ఎలుకల మీద, గినీపందుల మీద చూసినవే.

జన్యువును పంపడం మాత్రం పిల్లల దాకా వచ్చింది. ఓటోఫెర్లిన్ జన్యువు చెడి పుట్టు చెవుడు వచ్చిన 6 మంది పిల్లలకు చైనాలో షాంఘై డాక్టర్లు మంచి జన్యువును ఎక్కించినారు. రోగం తేలేని వైరసులో పెట్టి పంపినారు. జన్యువు పొడుగు ఎక్కువై ఒక్కదానిలో పట్టలేదు, రెండు ముక్కలు చేసినారు. 5 మందికి వినపడిందని 2024లో ప్రకటించినారు. వాళ్ళ రోమకణాలు బతికే ఉన్నాయి. అవ్వవి చచ్చిపోయినాయి. అందుకని ఆ వైద్యం ఆమెకు పనికిరాదు.

కుప్పంలో చెవి పరీక్ష చేయించినాము. కొన్ని కణాలు మిగిలినాయి, మిషను పెడితే కొంచెం వినపడుతుందన్నారు. సెలవులకు పోయినప్పుడు కోళ్ళ సంగతి అవ్వ చెవి దగ్గర అరిచి చెప్పినాను. "ఏ కోడి పోయింది?" అని లేచి గంప కింద చూసింది.