పాత రచ్చయా? క్రొత్త చావడియా?

గడచిన సంక్రాంతికి మా మేనమామగారు అమెరికానుండి వచ్చి, కాకినాడ రామారావుపేటలో మా పెద్దమ్మగారి యింట పది దినములుండిరి. అక్కాతమ్ములు ఒకచోట కూర్చుండి నాలుగేండ్లయినది. భోగినాటి ఉదయమున నేను పిల్లలను వెంటబెట్టుకొని పోవుసరికి ఇరువురును వీధియరుగుపై కూర్చుండి వాదులాడుకొనుచుండిరి. పొలముల పంపకమును గూర్చి కాదు. అది ఎన్నడో తీరినది. పద్యము వ్రాసినవారు దానిని నలుగురి చెవిని వేయుటకు పాతకాలపు న్యూసుగ్రూపు మంచిదా, తరువాత వచ్చిన వెబ్ ఫోరము మంచిదా యని వారి వాదము.

"నీ ఫోరం అద్దెకొంప అక్కా. ఇంటాయన తాళం వేసుకుపోతే నీ సామానంతా లోపలే" అని మామయ్య.

"నీ న్యూసుగ్రూపు సంతరా. సంతలో ఆడది పద్యం చదివితే వినేవాళ్లెందరు, వెక్కిరించేవాళ్లెందరు?" అని పెద్దమ్మ.

ఈ వాదములో ఒక పెద్ద నష్టముయొక్క బాధ దాగియున్నదని ఇంటివార మందరము ఎరుగుదుము. అది చెప్పుటకు ముందు ఈ రెంటి స్వరూపమును కొంచెము విన్నవింపవలెను. ఏలయన మనలో పలువురికి చేతిఫోనులోని వాట్సాపు గుంపులు తప్ప తక్కినవి పరిచయము లేవు. నాదియు వినికిడి విద్యయే. కొంత మామయ్య చెప్పగా వింటిని. కొంత మా యింటివారు బడిపిల్లల పుస్తకములు దిద్దుకొనుచు, విసుగుకొనకయే చెప్పిరి.

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అను ఇద్దరు విద్యార్థులు యూజ్‌నెట్ అను ఏర్పాటును తలపెట్టిరి. మరుసటి యేడు అది నడకకు వచ్చెను. అందులో ఒకరు వ్రాసిన జాబు ముందుగా తమ కళాశాలలోని సర్వరను పెద్ద కంప్యూటరునకు చేరును. ఆ సర్వరు తన పొరుగు సర్వరునకు ఒక ప్రతి నిచ్చును. అది తన పొరుగునకు మరియొకటి నిచ్చును. పొరుగింటినుండి తోడునకు చెంచాడు పెరుగు తెచ్చుకొని, ఎవరి యింట వారు కుండెడు పెరుగు చేసికొనినట్లని మామయ్య చెప్పెడి పోలిక. ఒక యింటి కుండ పగిలినను ఊరిలో పెరుగునకు లోటుండదు. అందరికిని యజమాని యని ఒకడు లేడు. వంట, సంగీతము, శాస్త్రములు, దేశదేశముల ఆచారములు, ఇట్లు విషయమునకొక సమూహము. ఆ సమూహమునకే న్యూసుగ్రూపని పేరు. పేరులో వార్త లున్నను అందు జరుగునది సంభాషణమే.

మన భాషవారికిని ఒకటి యుండెను. దాని పేరు సోక్ కల్చర్ ఇండియన్ తెలుగు. పొడియక్షరములతో స్కిట్ అని పిలుచుకొనెడివారు. మామయ్య 1993లో ఇక్కడి ఇంజనీరింగు చదువు ముగించుకొని పై చదువునకు అమెరికా పోయి, రాత్రి ప్రయోగశాలలో పని ముగిసినపిదప ఆ స్కిట్ తెరచి చదువుకొనెడివారు. తెలుగుమాట చెవిని బడని ఊరిలో అదియే తనకు అరుగు, అదియే గోదావరి గట్టు అని వారు ఇప్పటికిని చెప్పుదురు. మన దేశములోనో, సామాన్యజనులకు ఇంటర్నెట్టు దొరకుట 1995 ఆగస్టు 15నాడుగాని మొదలు కాలేదు. అదియు మొదట మహానగరములలోనే. కావున ఆ రచ్చకు చేరినవారు చాలవరకు సముద్రముల కావలనున్న విద్యార్థులును ఉద్యోగులును.

అందు తెలుగు లిపి లేదు. ఇంగ్లీషు అక్షరములతోనే తెలుగు వ్రాయవలెను. దానికి రైస్ విశ్వవిద్యాలయములోని తెలుగు విద్యార్థులు ఒక పద్ధతి నేర్పరచిరి, ఆర్.టి.ఎస్. అని దాని పేరు. చిన్న 'టీ' వ్రాసిన తకారము, పెద్ద 'టీ' వ్రాసిన టకారము. చిన్న 'డీ' దకారము, పెద్దది డకారము. దీర్ఘము కావలెనన్న అక్షరమును రెండుమారులు వ్రాయవలెను. వ్రేలు తొట్రుపడి పెద్ద అక్షరము చిన్నదైనచో 'పాట పాడితిని' అన్నది 'పాత పాదితిని' అగును. నవ్వు వచ్చునుగాని, పద్యము వ్రాయువారికి దానివలన ఒక మేలు కూడ జరిగినది. దీర్ఘము కంటికి రెండక్షరములై కనబడుటచే గురువేది, లఘువేది యని లెక్కించుట క్రొత్తవారికి సులభమైనదట. ఛందస్సును తాతగారివద్ద నేర్వలేక, వీధిలో ఆటలకు పారిపోయిన మామయ్య, ఆ ఇంగ్లీషు అక్షరముల పద్యములు చదివియే యతిప్రాసలు పట్టుకొనిరి. ఈ మాట విని తాతగారు సంతోషించవలెనో చింతింపవలెనో తెలియక ఊరకుండిరని అమ్మ చెప్పును.

అయితే రచ్చయన్న తరువాత రచ్చయే. పూర్వము ప్రతియేడు సెప్టెంబరు మాసమున కళాశాలలలో చేరిన క్రొత్త విద్యార్థులు న్యూసుగ్రూపులలో ప్రవేశించి, అడుగరానివి అడిగి, పెద్దలచేత చీవాట్లుతిని, మాసము తిరుగులోపల మర్యాద నేర్చెడివారట, అత్తవారింట క్రొత్తకోడలివలె. 1993 మొదలు ఆ క్రొత్తవారి రాక ఆగలేదు. విశ్వవిద్యాలయములతో సంబంధము లేనివారికిని ద్వారములు తెరచుటచే వరదవలె వచ్చిరి. అందుచే ఆ నాటినుండి జరిగిన కాలమంతయు 'అంతములేని సెప్టెంబ'రని పాతవారు పేరు పెట్టిరి. 1994 ఏప్రిలులో ఇద్దరు న్యాయవాదులు తమ వ్యాపార ప్రకటనను వేలకొలది సమూహములలో ఒక్కసారి వెదజల్లిరి. అటుపిమ్మట చెత్త నానాటికి పెరిగెనేకాని తరుగలేదు. ఊడ్చుటకు ఎవరికిని అధికారము లేదు గదా! ఎవరికి వారు తమకు గిట్టనివాని పేరు ఒక పట్టికలో వ్రాసికొని, వాని వ్రాతలు తమ కంటికి కనబడకుండ చేసికొనగలరు, అంతే. వాడు ఇతరుల కంటికి కనబడుచునే యుండును, మనలను తిట్టుచునే యుండును. స్కిట్‌లో స్త్రీలు వ్రాయుట అరుదని, వ్రాసినవారిలో కొందరు ఆడపేరు తెలియకుండ పొడియక్షరములు మాత్రమే పెట్టుకొనెడివారని మామయ్య తానే ఒప్పుకొనును.

పెద్దమ్మకు ఫోరము ప్రియమగుట ఇందుచేతనే. పెదనాన్నగారు పోయిన మరుసటియేడు, 2005లో, మా అన్న ఆమెకు కంప్యూటరు కొనియిచ్చెను. అప్పటికి తెలుగు లిపి తెరపైకి వచ్చినది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు అక్షరరూపమునకు 'గౌతమి' యని పేరు. మన గోదావరిపాయ పేరు అంత దూరమున ఎవరో తలచి పెట్టినందుకు ఆమె మురిసిపోయెను. అయితే ఆ గౌతమి ఊరక ప్రవహింపలేదు. సీడీ పెట్టి అదనపు భాషల సామగ్రి ఎక్కించుకొనువరకు తెరనిండ చదరపు పెట్టెలే. అన్న రెండు దినములు కుస్తీపట్టెను.

2006లో ఆమె ఒక పద్యఫోరమున చేరెను. అది ఒక పెద్దమనిషి తన సొంత సొమ్ముతో నడుపుచుండిన చిన్న చావడి. వారమున కొక సమస్య ఇచ్చెడివారు. అందరును పూరణలు పంపెడివారు. లోనికి వచ్చినవారు పేరు నమోదు చేసికొనవలెను. ఎవడైన మాట తూలినచో నిర్వాహకుడు ఆ మాట తొలగించును, మానకున్న వానినే వెళ్లగొట్టును. 1902లో మొదలై పిదప మన కాకినాడకు వచ్చిన హిందూసుందరివంటి పత్రికలలో, సంపాదకురాండ్ర అండ చూచుకొని ఇల్లు కదలని స్త్రీలెందరు కలము పట్టిరో మనము విన్నదే. పెద్దమ్మకు ఆ ఫోరము అట్టి అండ. "అక్కయ్యగారూ, మూడో పాదంలో యతి చూడండి" అని మెత్తగా చెప్పెడివారు. వంకాయలు తరుగుచు పాదము కట్టుకొని, చేయి కడుగుకొని వచ్చి, నేరుగా తెరమీది గడిలో వ్రాసి పంపెడిది. కాగితముమీద పెట్టుట ఎన్నడును లేదు. పదునొకండేండ్లలో నాలుగువందలకు పైగా పద్యములు!

సౌకర్యముల మాట వచ్చినచో నేను పెద్దమ్మ పక్షమే. ముగ్గులు వేయువారు ముగ్గు బొమ్మ పెట్టవలెను, మొక్కలు పెంచువారు తెగులు తగిలిన ఆకును చూపవలెను. పాత న్యూసుగ్రూపు వట్టి అక్షరములది, బొమ్మ పెట్టుటయన్న పెద్ద ప్రయాస. ఫోరములో ఏ విషయమునకు ఆ గది, వెదకిన దొరకును. మామయ్య దీనికి ఒప్పుకొనడు. న్యూసుగ్రూపు జాబులను ఒక్కమారుగా దింపుకొని, తీగ విప్పివేసి, తీరికగా చదువుకొనవచ్చుననియు, ఏ మాటకు ఏది బదులో చెట్టుకొమ్మలవలె తేటగా కనబడుననియు, ఫోరములో నూటయిరువది జాబులు వరుసగా దొంతరపెట్టినచో ఎవరెవరితో మాటలాడుచున్నారో తెలియదనియు ఆయన ఫిర్యాదు. పది అభిరుచులున్నచో పది ఫోరములకు పోయి పది తాళపుచెవులు త్రిప్పవలెను. న్యూసుగ్రూపులన్నియు ఒక్క కిటికీలో వచ్చును. ఇదియు సత్యమే.

2018లో ఒకనాడు పెద్దమ్మ ఫోరము తెరువబోగా తెరువబడలేదు. మరునాడును లేదు. నెల దినములు ఉదయము సాయంకాలము ప్రయత్నించుచునే యుండెను. నిర్వాహకుడు మంచముపట్టెనని, కట్టవలసిన యేటి పైకము కట్టువారు లేక అంతయు తుడిచిపెట్టుకొనిపోయెనని చాల కాలమునకు తెలిసినది. ఆయనను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. ఎవరినుండియు కాని తీసికొనక అన్నేండ్లు నడపినవాడు. కాని పెద్దమ్మ ఆ వార్త విన్ననాడు అన్నము తినలేదు. "మీ పెదనాన్న పోయాక నేను బతికింది అందులోనే" అనెను. మేమేమందుము?

మామయ్య సంగతి ఇందుకు తలక్రిందులు. ఆయన 1995లో స్కిట్‌లో ఒక పెద్దవానితో పద్యమును గూర్చి కలహించి, ఇరువదియైదేండ్లయిన నిండని గర్వముతో అనరాని మాట లనిరి. ఆ మాటలు నేటికిని ఉన్నవి. నేను వెదకగా అర నిమిషములో దొరకినవి! చదివి వినిపింపగా ఆయన ముఖము ఎఱ్ఱనయ్యెను. తుడిచివేయుడని చెప్పుకొనుటకు ఎవరున్నారు? ఉండవలెనని ఆమె కోరిన పద్యములు పోయినవి, పోవలెనని ఈయన కోరిన తిట్లు నిలిచినవి.

నిలిచినవన్నియు దైవికముగా నిలువలేదు సుమా. కెనడాలో టొరాంటో విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగమున పనిచేయుచుండిన హెన్రీ స్పెన్సరు 1981 మొదలు పదేండ్ల యూజ్‌నెట్ జాబులను 141 అయస్కాంతపు టేపులలో దాచియుంచెను. గూగుల్ కంపెనీ 2001లో డేజా న్యూస్ అను సంస్థ భద్రపరచిన జాబులను కొని, ఆ యేడే ఈ పాత టేపులలోనివియు చేర్చుకొని అందరికిని చదువుకొన నిచ్చెను. అదే గూగుల్ చెత్త పెరిగినదని 2024 ఫిబ్రవరి 22నుండి యూజ్‌నెట్‌లో క్రొత్త జాబులు పుచ్చుకొనుట మానివేసి, అంతకు ముందరివి చదువుటకు మాత్రము విడిచినది. అయినను యూజ్‌నెట్ చావలేదు. ఇతర సర్వరులు నడచుచున్నవి. అంతములేని సెప్టెంబరను పేరుతోనే ఒక ఉచిత సర్వరు కలదు. మామయ్య నేటికిని అందుండియే చదువుదురు, పలుకువారే తగ్గిరి. ఒక్కరి చేతనున్నది ఎంత పెద్దదైనను కాలము కలిసిరానినాడు పోవునని చెప్పుటకు యాహూ గ్రూపులే చాలును. స్కిట్ తరువాతి కాలమున తెలుగు సాహిత్యప్రియులు 'రచ్చబండ' యని కూడుకొన్నది అందులోనే. యాహూ 2019 అక్టోబరులో పాత సరకంతయు తీసివేయుదుమని ప్రకటించి, 2020 డిసెంబరు 15నాటికి మొత్తమునకే మూసివేసినది. ముందుగా మేల్కొని ప్రతులు తీసికొన్నవారికి దక్కినది, లేనివారికి లేదు.

మన కావ్యముల కథయు ఇట్టిదియే కదా. నన్నెచోడుని కుమారసంభవము ఒకటి యున్నదనియే లోకము మరచియుండగా, మానవల్లి రామకృష్ణకవిగారు దాని ప్రతిని కనుగొని 1909లో ప్రకటించిరి. ఆ యొక్క తాళపత్ర ప్రతిని చెదలు తినియున్నచో ఆ కవిపేరు మన పిల్లల పాఠ్యపుస్తకములలోనికి వచ్చెడిదే కాదు. వ్రాసినవానికన్న ఎత్తి వ్రాసికొన్నవానికి మనము తక్కువ ఋణపడి లేము.

కాబట్టి నన్నడిగినచో కూర్చుండి మాటలాడుటకు ఫోరమే మేలందును. పరువుగల స్త్రీ భయములేక నోరువిప్పుటకు కావలి కావలెను. దాచుకొనుటకు మాత్రము దానిని నమ్మను. మామయ్య యూజ్‌నెట్‌ను నమ్మమనును. నేను అదియు నమ్మను. వందపేజీల నోటుపుస్తకమును నమ్ముదును. ఈ మాట విని మా యింటివారు "పంతులు భార్య అనిపించుకున్నావు" అని నవ్విరి.

ఇంతకును పెద్దమ్మ పద్యములన్నియు పోలేదు. బరంపురమునుండి ఆ ఫోరమునకు వచ్చుచుండిన ఒక సోదరి, తనకు నచ్చిన పూరణలను ఒక పుస్తకములో వ్రాసికొనెడి అలవాటు గలది. ఆమె మా పెద్దమ్మవి అరువదిమూడు పంపినది. ఇతర మిత్రులవలన ఇరువదియెనిమిది వచ్చినవి. పెద్దమ్మ తనంతట జ్ఞాపకము తెచ్చుకొన్నవి మరి ఇరువదియొకటి. మొత్తము నూటపండ్రెండు. వ్రాయసకత్తెను నేనే. శనివారము సాయంకాలములందు ఆమె చెప్పుచుండగా వ్రాయుదును.

కనుమనాడు ఒక ఉత్పలమాలవద్ద బండి నిలిచిపోయినది. మూడవ పాదము ఆమెకు సగమే గుర్తున్నది. మామయ్య ఒక పూరణ చెప్పిరి. పదవ యక్షరమున యతి చక్కగా కుదిరినది. "బాగానే ఉందిరా, కానీ నాది కాదు" అని పెద్దమ్మ తలయూపెను. ఇరువురును మరల వాదమునకు దిగిరి. గారెలు చల్లారుచున్నవని లోపలినుండి అమ్మ కేకవేసినది. నేను ఆ పాదమునకు చోటు విడిచి, తరువాతి పద్యము వ్రాసికొంటిని.