కళాకారుడి ఆదాయం: రంగుల ఖర్చు ఎంత, పన్ను ఎంత?

అపోహ: కంపెనీ టీడీఎస్ పట్టుకునే డబ్బిచ్చింది. ఇంక రిటర్నుతో పనేముంది?

టీడీఎస్ ముందుగా కోసుకున్న సొమ్ము మాత్రమే. ఏడాది చివర అసలు పన్ను అంతకన్నా తక్కువని తేలితే మిగిలింది వెనక్కి వస్తుంది, అదీ రిటర్ను వేసిన వాళ్లకే.

అపోహ: కొత్త పన్ను విధానంలో మినహాయింపులు లేవు, కాబట్టి కాన్వాసు, కుంచెల ఖర్చు చూపలేం.

కొత్త విధానంలో పోయినవి ఎల్‌ఐసీ, పీపీఎఫ్ వంటి పొదుపులకిచ్చే 80సీ మినహాయింపులు. కాన్వాసు ఖర్చు పొదుపు కాదు, వృత్తి ఖర్చు. అది తీసేశాకే ఆదాయం తేలుతుంది, ఏ విధానంలోనైనా.

అపోహ: ఈ ఏడు కొన్న సామగ్రి ఖర్చంతా ఈ ఏడే తీసేయొచ్చు.

ఎక్కువ చిక్కంతా ఇక్కడే. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడొకరు మొదటి ఏడాది బట్ట, కరక్కాయ, పటిక, రంగులకు 60 వేలు పెట్టారనుకుందాం. మార్చి 31 నాటికి 20 వేల సరుకు మూట విప్పలేదు. ఇంకో 10 వేల సరుకు అమ్ముడుపోని తెరల్లో ఉంది. ఈ 30 వేలూ ముగింపు నిల్వ. ఖర్చుగా పోయేది మిగతా 30 వేలే. నిల్వ ఎక్కడికీ పోదు, వచ్చే ఏటి లెక్కలో ప్రారంభ నిల్వ అవుతుంది. సహాయకులకిచ్చిన కూలి ఖర్చే గానీ, తన చేతి కష్టానికి రోజుకింతని తానే రాసుకుంటే చెల్లదు. బట్ట కన్నా చేతి పనితనానికే విలువ ఎక్కువున్న కళలో ఇది కాస్త కష్టంగానే ఉంటుంది. ఆ విలువంతా లాభం కిందికే వస్తుంది మరి.

అపోహ: కళాకారులెవరైనా వసూళ్లలో సగం ఆదాయంగా చూపితే చాలు.

1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ అది. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి.) అది వర్తించే వృత్తుల జాబితాలో కళాకారులంటే సినిమా కళాకారులే: దర్శకులు, గాయకులు, పాటల రచయితలు, ఆర్ట్ డైరెక్టర్లు వగైరా. చిత్రకారుడు, శిల్పి పేర్లు అందులో లేవు. సరుకు తయారుచేసి అమ్మే చిన్న వ్యాపారానికి 44ఏడీ ఉంది: అమ్మకాల్లో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దానిమీద 6 శాతం లాభంగా చూపాలి. ఆ దారి పట్టాక రంగుల ఖర్చు మళ్లీ విడిగా అడగకూడదు.

అపోహ: బిల్లుంటే చాలు, డబ్బు ఎలా ఇచ్చినా ఒకటే.

లెక్కలు రాసి ఖర్చు చూపేవాళ్లు ఒకే రోజు ఒకే దుకాణానికి 10 వేలు మించి నగదు ఇస్తే, బిల్లున్నా మామూలుగా ఆ ఖర్చును ఒప్పుకోరు. యూపీఐలో పంపితే ఈ పేచీ లేదు.