పసివారి బడిలో పొద్దు నడక

ఉద్యోగ పరీక్షలకు, ప్రవేశ పరీక్షలకు తర్ఫీదు ఇచ్చే కోచింగ్ కేంద్రాలతో దిల్‌సుఖ్‌నగర్ పేరు పొందింది. ఆ పేరు వెనుక మరుగుపడిన బడులు వేరే ఉన్నవి. అక్కడినుండి చైతన్యపురి మీదుగా ఎల్.బి.నగర్ దాక సందులలోకి తొంగిచూస్తే మూడు నాలుగేళ్ళ పసివారి బడులు కనిపిస్తాయి. కొన్ని ప్రయివేటువి, కొన్ని 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం క్రింది అంగన్‌వాడీలు. కొత్త పిల్లలు చేరే జూన్ నెలలో ఈ రెండింటా ఉపాధ్యాయినిని వేధించే ప్రశ్న ఒక్కటే. తల్లి కొంగు విడువక ఏడ్చే ఇరవైమందిని ఒక దారిన పెట్టడం ఎట్లా?

చాలచోట్ల దొరికే సమాధానం గంట. తొమ్మిదిన్నరకు అక్షరాలు, పదింటికి అంకెలు! అన్న చొక్కాను తమ్మునికి తొడిగినట్లు, పెద్ద తరగతుల కాలపట్టికను కుదించి పసివారిమీద వేయటమే ఇది. మూడేళ్ళ బిడ్డకు గడియారం తెలియదు. వాడికి తెలిసేది వరుస. పాట తరువాత కథ, కథ అయితే చేతులు కడుగుకొనటం, ఆపైన అన్నం, కాస్త కునుకు, లేచేసరికి అమ్మ. ఈ వరుస దినదినమూ చెడకుండా సాగితే, “అమ్మ ఎప్పుడు వస్తుంది?” అన్న ప్రశ్నకు జవాబు వాడే చెప్పుకోగలడు. బెంగ తీరటానికి మిఠాయికంటె ఇది మేలైన మందు.

విజయవాడ బాట వెంట జిల్లాల నుండి వచ్చి ఈ పేటల అద్దె గదులలో కాపురం పెట్టిన కుటుంబాలు తక్కువ కావు. తండ్రికి రాత్రి పని, తల్లికి పగటి పని, ఇంట నాయనమ్మ లేదు. అట్టి బిడ్డకు దినమంతటిలో కదలకుండా నిలిచేది బడి ఒక్కటే కావచ్చు. అదికూడ పూటకొక తీరుగా నడిస్తే వాడు పట్టుకొనే కొమ్మ ఏది?

వరుస నిలవాలంటే అందులోని చిన్న చిన్న పనులు నేర్పవలసి ఉంటుంది. 1907 జనవరి 6న రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో మరియా మాంటిసోరి శిశుగృహం తెరిచారు. అక్కడ ఒకనాడు ఆమె పిల్లలకు ముక్కు చీదుకొనటాన్నే పాఠంగా చూపారు. పాఠం ముగియగానే పిల్లలు చప్పట్లు కొట్టారు! ముక్కు సంగతిలో వారిని మందలించినవారేగాని, ఓపికతో నేర్పినవారు అంతవరకు లేరు. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

చెప్పులు జతగా విడవటం, చాప చుట్టటం, చేతులు కడుగుకొనటం, ఇవన్నీ అటువంటి పాఠాలే. చొక్కా చేతులు పైకి మడవాలి; కుళాయి సన్నగా తిప్పాలి; సబ్బు రుద్ది, కడిగి, కుళాయి కట్టి, వెనుక ఉన్నవారికి చోటు ఇవ్వాలి. ఉపాధ్యాయిని మాటలు తగ్గించి నిదానంగా చేసి చూపాలి. వారమంతా ఈ ఒక్కటే నేర్పినా నష్టం లేదు. (వేసవిలో ట్యాంకరు నీటికి ఎదురుచూసే కాలనీలలో కుళాయి కట్టే విద్య పెద్దలకూ పనికివస్తుంది.)

“నోటిమీద వేలు!” అనే ఆజ్ఞ మాత్రం క్రమం అనిపించుకోదు. గిజుభాయి బధేకా ‘పగటికల’లోని ఉపాధ్యాయుడు తొలినాడు మౌనపు ఆట ఆడించబోయి నవ్వులపాలవుతాడు. మరునాడు కథ ఎత్తుకోగానే తరగతి దానంతట అదే సద్దుమణుగుతుంది.

వాన వచ్చినా, బోనాల పండుగ వచ్చినా వరుస మారక తప్పదు. ఆ మార్పును ముందునాడే పిల్లలకు చెప్పాలి. చెబితే వారు సులువుగానే ఒప్పుకుంటారు.

చిక్కంతా తలిదండ్రులతోనే. కోచింగ్ కేంద్రాల నీడలో బతికే పేట కదా, సాయంత్రం మొదటి ప్రశ్న “ఏం వ్రాశాడు?” అనే. చూపటానికి నోటుపుస్తకం లేని ఉపాధ్యాయినికి జవాబు కష్టం. ఆమె సెలవు పెట్టిన దినాన కొత్తగా వచ్చిన మనిషితో పిల్లలు, “ఇప్పుడు కథ టీచర్, తరువాత చేతులు కడుక్కోవాలి” అని తామే చెప్పి కుళాయివద్ద వరుసగా నిలబడతారు. ఆ సమయానికి తలిదండ్రులెవరూ అక్కడ ఉండరు.