చుక్క మరిస్తే యంత్రానికి ముప్పు

ఇనుప కమ్మీని లేత్‌కు బిగించి, చేత్తో చక్రం తిప్పుతూ, కోత శబ్దాన్ని బట్టే లోపాన్ని పసిగట్టే టర్నర్లు దేశంలోని కర్మాగారాలలో నానాటికీ అరుదవుతున్నారు. వారి స్థానాన్ని కంప్యూటర్ ఆదేశాలతో నడిచే సి.ఎన్.సి. యంత్రాలు ఆక్రమిస్తున్నాయి. బెంగళూరు పీణ్య, రాజ్‌కోట్, కోయంబత్తూరు, హైదరాబాదు బాలానగర్ వంటి పారిశ్రామిక వాడలలో చిన్నపాటి షెడ్డులలో సైతం ఇవి పనిచేస్తున్నాయి. అయితే వీటికి ఆదేశాలు రాయడానికి కంప్యూటర్ పరిజ్ఞానం ఒక్కటే చాలునన్న అభిప్రాయం మాత్రం ప్రమాదకరమైనది.

ఈ విధానం అమెరికాలో పుట్టింది. హెలికాప్టర్ రెక్కల వంపులను కచ్చితంగా మలిచే మార్గాన్ని అన్వేషించిన జాన్ పార్సన్స్‌కు 1949లో ఆ దేశ వైమానిక దళం కాంట్రాక్టు ఇచ్చింది. దాని ఫలితంగా రంధ్రాల కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1952లో ప్రదర్శించింది. టేపు పోయి కంప్యూటర్ మెమరీ వచ్చినా ఆదేశాల స్వరూపం పెద్దగా మారలేదు. ఒక అక్షరం, దాని పక్కన ఒక అంకె, అంతే.

జి00 అంటే టూల్ లోహాన్ని తాకకుండా అత్యంత వేగంగా నిర్ణీత స్థానానికి చేరాలి. జి01 అంటే చెప్పిన వేగంతో సరళరేఖలో కోస్తూ సాగాలి. జి02, జి03 వంపులకు సంబంధించినవి. ఎం03తో స్పిండిల్ తిరుగుతుంది, ఎం30తో ప్రోగ్రాం ముగుస్తుంది. లేత్‌పై ఎక్స్ అక్షరం వ్యాసాన్నీ, జడ్ అక్షరం పొడవునూ తెలుపుతాయి. శ్రద్ధగల విద్యార్థి వారం పది రోజులలో నేర్వదగిన నిఘంటువే ఇది. చిక్కు ఇక్కడ లేదు.

ఉదాహరణకు టూల్ 50 మిల్లీమీటర్ల వ్యాసం వద్దకు చేరవలసి ఉందనుకుంటే, ఎక్స్ పక్కన 50 వేసి దాని తరువాత దశాంశ బిందువు ఉంచాలి. ఆ చుక్క మరిచిపోతే అనేక కంట్రోళ్లు ఆ అంకెను 50 మైక్రాన్లుగా, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుగా పరిగణిస్తాయి. జి00 వేగంతో దూసుకువచ్చే టూల్ దాదాపు కేంద్రం వరకు చొచ్చుకుపోవాలని చూసి, తిరుగుతున్న జాబ్‌నో, చక్‌నో ఢీకొంటుంది. టూల్ విరిగితే అదృష్టమే, స్పిండిల్ దెబ్బతింటే చిన్న పరిశ్రమ యజమాని కోలుకోవడం కష్టం.

ఇంతకన్నా సూక్ష్మమైన ముప్పు కోత వేగంలో ఉంది. నిమిషానికి 150 మీటర్ల వేగంతో కోయాలంటే 50 మిల్లీమీటర్ల కమ్మీ నిమిషానికి సుమారు 955 చుట్లు తిరగాలి. వ్యాసం 25కు తగ్గితే చుట్లు 1910కి పెరగాలి. జి96 అన్న ఆదేశం ఈ లెక్కను తనంత తానే చూసుకుంటుంది. కాని కమ్మీ కొసను చదును చేసేటప్పుడు టూల్ కేంద్రాన్ని సమీపిస్తుంది, వ్యాసం సున్నాకు చేరుతుంది, చుట్లు యంత్రపు గరిష్ఠ పరిమితికి ఎగబాకుతాయి. ఆ వేగానికి చక్ దవడల పట్టు సడలి జాబ్ ఎగిరిపడవచ్చు. అందుకే చాలా లేత్‌లలో జి50తో ముందుగానే హద్దు విధించాలి. ఎంత హద్దు విధించాలో ఏ పుస్తకమూ చెప్పదు. జాబ్ బరువు, పట్టు పొడవు, చక్ స్థితి ఎరిగినవాడే చెప్పగలడు.

అలాంటి అనుభవజ్ఞులను ఒకప్పుడు సికింద్రాబాదులో 1943లో ఏర్పడిన ప్రాగా టూల్స్, బెంగళూరులో 1953లో నెలకొల్పిన హెచ్.ఎం.టి. వంటి సంస్థలు తీర్చిదిద్దాయి. 1968లో బాలానగర్‌లో వెలసిన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ వంటివి నేటికీ శిక్షణ ఇస్తున్నాయి. మరోవైపు స్వల్పకాలిక కోర్సులు పుట్టగొడుగుల్లా వెలిశాయి. సాధారణ లేత్‌పై చేయి పెట్టకుండానే తెరపై బొమ్మ చూసి ప్రోగ్రాం రాసే యువకులు వాటి నుంచి బయటకు వస్తున్నారు. బొమ్మ నుంచి ప్రోగ్రామును కంప్యూటరే తయారుచేసే సాఫ్ట్‌వేర్లు వచ్చిన మాట నిజమే. అయినా మొదటి జాబ్‌ను ఒక్కొక్క వరుసగా నడిపి చూడవలసిన అవసరం తప్పలేదు.

దేశంలోనే తయారవుతున్న యంత్రాలకు సైతం మెదడు వంటి కంట్రోల్ వ్యవస్థ ఎక్కువగా జపాన్‌కు చెందిన ఫానుక్, జర్మనీకి చెందిన సీమెన్స్ సంస్థలదే కావడం గమనార్హం. ఇనుము మనది, ఆలోచన వారిది అనుకోవలసి వస్తున్నది.

షాపులో పరిస్థితి వేరు. అనేకచోట్ల ఆపరేటర్ పని జాబ్ బిగించడం, పచ్చ మీట నొక్కడం, కొలిచి చూడడం వరకే పరిమితం. ఏళ్లు గడిచినా ప్రోగ్రాం జోలికి పోనివ్వకపోవడంతో అతని వేతనమూ అక్కడే ఆగుతున్నది. ప్రోగ్రాంలో మార్పులు జరగకుండా కంట్రోల్ ప్యానెల్‌పై ఒక చిన్న తాళం ఉంటుంది. దాని చెవి సాధారణంగా సూపర్‌వైజర్ జేబులో ఉంటుంది. రాత్రి షిఫ్టులో టూల్ అరిగి కొలత తప్పినా, సరిచేయడం తెలిసిన ఆపరేటర్ సైతం ఆ చెవి కోసం తెల్లవారే దాకా వేచి ఉండవలసిందే.