తరగడమే తప్ప పెరగని నిల్వ

సూరత్ మరమగ్గాల మీద పడుగు బీము అయిపోతే కొత్తది ఎక్కిస్తారు. తెలంగాణ నుంచి వలస వెళ్లి లింబాయత్ ప్రాంతంలో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలకు అది రోజువారీ పని. స్త్రీ శరీరంలోని అండాల నిల్వకు మాత్రం ఆ వీలు లేదు. ఎన్ని అండాలన్నది ఆమె పుట్టకముందే ఖరారవుతుంది.

తల్లి కడుపులో అయిదో నెలకే ఆడశిశువు అండాశయాల్లో 60-70 లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేనాటికి అవి 10-20 లక్షలకు, రజస్వల అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలకు తగ్గిపోతాయి. పూర్తిగా ఎదిగి విడుదలయ్యేవి జీవితం మొత్తమ్మీద 400-500 మాత్రమే. పురుషుల్లో వీర్యకణాలు రోజూ కొత్తగా తయారవుతూనే ఉంటాయి.

అండకణం తన విభజనను పిండదశలోనే మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తుంది. నెలనెలా పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే హార్మోన్ల ప్రభావంతో కొన్ని అండకణాలు పుటికలనే చిన్న సంచుల్లో ఎదుగుతాయి. సాధారణంగా ఒక్కటే చివరిదాకా నిలుస్తుంది, మిగతావి నశిస్తాయి. ఆగిన విభజన అప్పుడు మళ్లీ మొదలై, వీర్యకణం లోపలికి చేరాకే పూర్తవుతుంది. ఈ నిరీక్షణ నలభై ఏళ్లయినా ఉండొచ్చు. అది పెరిగేకొద్దీ క్రోమోజోముల పంపకంలో పొరపాట్లూ పెరుగుతాయి. 35 ఏళ్లు దాటాక గర్భస్రావాలు, డౌన్ సిండ్రోమ్ ముప్పు ఎక్కువ కావడానికి ముఖ్య కారణం ఇదే.

దేశంలోని ఇతర నగరాల్లో మాదిరే సూరత్‌లోనూ ఐవీఎఫ్ కేంద్రాలు వెలిశాయి. ఆ నెల నశించాల్సిన అండాలను కూడా ఇంజెక్షన్లతో ఎదిగేలా చేయడం వీటిలో జరిగే పని. కాబట్టి చికిత్స వల్ల నిల్వ త్వరగా అయిపోతుందన్న భయం అక్కర్లేదు. అయితే అండం వయసును తగ్గించే ఇంజెక్షన్ మాత్రం లేదు.

సొంత అండాలు పనికిరానప్పుడు మిగిలే దారి దాత. అక్కడే పేదింటి స్త్రీలకు డబ్బు ఆశ చూపే ప్రమాదముంది. అందుకే 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం గట్టి షరతులు పెట్టింది. దాతకు 23 నుంచి 35 ఏళ్లు ఉండాలి. జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకుండా తీయాలి. అండాల అమ్మకం నేరం.

సంతానం లేకపోతే తప్పంతా కోడలిదేనని తేల్చి, మొక్కులతో ఏళ్లు గడిపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. లోపం మగవారిలోనూ ఉండొచ్చు. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, 35 దాటినవారైతే ఆరు నెలలకే, దంపతులిద్దరూ పరీక్షలు చేయించుకోవాలన్నది వైద్యుల సలహా. భర్త పరీక్షకు వెనకాడిన ప్రతి ఏడాదీ తరిగేది భార్య దగ్గరున్న నిల్వే.