సెల్ఫ్ కొడితే పలకాలి

మే నెల, ఉదయం తొమ్మిదికే భద్రాచలంలో రోడ్డు మీద కాలు పెట్టలేనంత ఎండ. ముందురోజు సాయంత్రం దాకా బాగానే తిరిగిన మా పాత మారుతి 800, ఆ ఉదయం సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంది. ముగ్గురం తోసుకుంటూ బ్యాటరీ షాపుకు తీసుకెళ్లాం. మెకానిక్ మూతలు ఆరూ విప్పి, రబ్బరు బుడ్డి తగిలించిన గాజు గొట్టంతో ఒక్కో సెల్ నుంచి ఆమ్లం పీల్చి, అందులో తేలే అంకెల కాడను కంటికి దగ్గరగా పెట్టి చూశాడు. అయిదు సెల్స్‌లో కాడ 1230 దగ్గర తేలింది. నాలుగో సెల్‌లో మాత్రం 1120కి మునిగిపోయింది. "సెల్ పోయింది సార్. ఛార్జింగ్ పెట్టినా నిలబడదు" అన్నాడు.

ఆ గాజు గొట్టం పేరు హైడ్రోమీటరు. అది కొలిచేది ఆమ్లం చిక్కదనాన్ని. బ్యాటరీలో ఒక పలక మీద చాక్లెట్ రంగు లెడ్ డయాక్సైడ్, ఎదుటి పలక మీద స్పాంజిలాంటి బూడిదరంగు సీసం, రెండింటి మధ్య పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. కరెంటు వాడుకుంటున్నకొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు పలకలకు పడుతుంది, ఆమ్లం నీళ్లలా పలచబడుతుంది. ఛార్జ్ చేస్తే సల్ఫేటు తిరిగి ఆమ్లంలోకి దిగుతుంది. ఒక్కో సెల్ రెండు వోల్టులకు కాస్త పైన ఇస్తుంది. ఆరు సెల్స్ వరుసగా కలిస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. అందులో ఒక్కటి పోయినా మిగతా అయిదింటి బలం ఇంజన్ తిప్పడానికి చాలదు.

ఈ సీసపు బ్యాటరీ వయసు 160 ఏళ్లు దాటింది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా చాపలా చుట్టి ఆమ్లంలో ముంచాడు. ఖాళీ అయ్యాక మళ్లీ నింపుకోగల మొదటి బ్యాటరీ అదే. రేకును వాడకానికి తేవాలంటే ఛార్జ్ చేయడం, ఖాళీ చేయడం చాలాకాలం పదేపదే జరగాలి. 1881లో కామీ ఫోర్ సీసపు ముద్దను పలక మీద మెత్తి ఆ నిరీక్షణ తప్పించాడు. నేటి కారు బ్యాటరీ పలకలు కూడా ముద్ద మెత్తినవే.

కారులోకి అది స్థిరంగా వచ్చింది 1912లో. అప్పటిదాకా కారు ముందు వంగి హ్యాండిల్ తిప్పాల్సిందే. ఇంజన్ ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. దుకాణాల్లో డబ్బు లెక్కగట్టే యంత్రానికి చిన్న మోటారు అమర్చిన చార్లెస్ కెటరింగ్‌కు ఒక సంగతి అనుభవంలో తెలుసు: కొద్ది క్షణాలే పనిచేయాల్సిన మోటారు చిన్నదైనా పెద్ద బలం చూపగలదు. ఆ ఆలోచనతోనే క్యాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టరు కుదిర్చాడు. మన అంబాసిడర్లు, జీపులు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు హ్యాండిల్‌ను వెంట మోశాయి.

సెల్ఫ్ కొట్టే ఆ కొద్ది క్షణాల్లోనే కారు బ్యాటరీ స్వభావమంతా ఉంది. అది చెరువు కన్నా తూము పనే ఎక్కువ చేస్తుంది. తలుపు ఎత్తగానే వందల ఆంపియర్లు ఒక్కసారిగా దూకాలి. అందుకే దాని పలకలు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఇంట్లో ఇన్వర్టరుకు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ దీనికి పూర్తిగా వేరు. అది గంటల తరబడి నెమ్మదిగా ఇచ్చేందుకు పుట్టింది. ఇంట్లో ఉంది కదా అని దాన్ని కారుకు తగిలించినా, కారు బ్యాటరీతో రాత్రంతా ఫ్యాను తిప్పినా పాడయ్యేది మన బ్యాటరీయే.

తెలుగు నేలకూ ఈ కథలో చోటుంది. చిత్తూరు జిల్లా పేటమిట్టలో పుట్టి, అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో అమరరాజా సంస్థను స్థాపించారు. తిరుపతి పక్కన కరకంబాడిలో మొదట పరిశ్రమలకు కావలసిన బ్యాటరీలు చేసి, 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలను దేశమంతటికీ పంపడం మొదలుపెట్టారు.

ఇక ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతంలో బ్యాటరీని ముందుగా చంపేది ఎండ. నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బానెట్ కింద వేడి ఇంకా ఎక్కువ. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. పలకల్లోని జాలీ తుప్పు పట్టడం, నీళ్లు ఆవిరవడం, వాడకుండానే ఛార్జ్ దిగిపోవడం, అన్నీ ఆ వేగంతోనే సాగుతాయి. డబ్బా మీద 'సీసీఏ' (చలిలో ఇంజన్ తిప్పగల కరెంటు) అని గొప్పగా రాసి ఉండే అంకె మైనస్ 18 డిగ్రీల చలిలో కొలిచినది. గోదావరి ఒడ్డున కారు నడిపేవారు దాని కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

పాత కారుకు బ్యాటరీ కొనేముందు చూడవలసింది ఆ కారు ఛార్జింగ్‌ను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కొసల దగ్గర మీటరు పెట్టించండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే ఆరోగ్యం. 13.5కు లోపే ఉంటే బ్యాటరీ ఎప్పటికీ నిండదు, పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది. 15 దాటితే ఆమ్లం ఉడికి నీళ్లు ఎగిరిపోతాయి. పాత డైనమో బళ్లలో, ఛార్జింగ్‌ను అదుపు చేసే కటౌట్ అరిగిన జీపుల్లో ఈ రెండు జబ్బులూ మామూలే. వాటిని బాగుచేయించకుండా కొత్త బ్యాటరీ పెడితే, అదీ పాతదాని దారినే పోతుంది.

మూతలేని మెయింటెనెన్స్ ఫ్రీ రకంలో జాలీకి సీసంతో క్యాల్షియం కలుపుతారు. నీళ్లు తక్కువ తాగుతుంది కానీ, నిండా ఛార్జ్ కావడానికి నిలకడైన, కాస్త ఎక్కువ వోల్టేజీ కోరుతుంది. మూతలు తీసే రకంలో యాంటిమొనీ కలుపుతారు. నీళ్లు ఎక్కువ తాగినా ఒడిదుడుకుల ఛార్జింగ్‌ను ఓర్చుకుంటుంది, తగ్గిన నీళ్లు మనమే పోయవచ్చు. ఆల్టర్నేటరు సరిగా ఉన్న కారుకు ఏదైనా సరే. డైనమో బండికి, మెకానిక్ దూరంగా ఉండే ఏజెన్సీ ఊళ్లకు మూతలున్నదే మేలని నా తీర్పు. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, బోరు నీళ్లు కాదు.

సైజు విషయంలో ఆశ పనికిరాదు. మారుతి 800కు 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) చాలు. డీజిల్ ఇంజన్ లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి సుమోలాంటి బండికి దాదాపు రెట్టింపు కావాలి. ట్రేలో బిగుతుగా కూర్చునే కొలత, ప్లస్ ఏ పక్క ఉందో, టెర్మినల్ లావుదో సన్నదో చూసుకోవాలి. క్లాంపు వదులైతే అడవి రోడ్డు గుంతల్లో పలకల మీది ముద్ద రాలిపోతుంది. తయారైన నెల కూడా అడగండి. షాపు అరలో ఆరు నెలలు ఎండిన బ్యాటరీ పేరుకే కొత్తది. మీటరు 12.4కు తక్కువ చూపిస్తే వద్దనండి.

చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవారికి, చర్ల, వెంకటాపురం వైపు రాత్రిపూట వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు. ఫోన్ సిగ్నల్ కూడా అందని అడవి మధ్య బండి పలకకపోతే, అందులో పురిటి నొప్పుల మనిషి ఉంటే, ఆ రాత్రి మీ మెకానిక్ మీద కాక మీరు ముందే చేసిన ఎంపిక మీద ఆధారపడి ఉంటుంది.

చచ్చిన బ్యాటరీ కథ అక్కడితో ముగియదు. దాని బరువులో సగానికి మించి సీసమే. కరిగిస్తే అదే సీసం మళ్లీ కొత్త పలక అవుతుంది. కానీ పెరట్లో పొయ్యి మీద కరిగిస్తే ఆ పొగ, ఆ ధూళి పసిపిల్లల మెదడును దెబ్బతీస్తాయి. పారబోసిన ఆమ్లం, సీసం వానకు వాగులోకి, వాగు నుంచి గోదావరిలోకి చేరతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఒడ్డున పడి ఉన్నవన్నీ నీటి పాలయ్యాయి. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యత ఉత్పత్తిదారులదేనని అదే ఏడాది వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి పాతదాన్ని ఇనుప సామాను బండికి వేయకండి. కొత్తది కొన్న షాపులోనే ఇచ్చి, బిల్లులో దాని ధర తగ్గించమని అడగండి.