పాత వ్యాను కదలనపుడు

దేవరకొండ, అచ్చంపేట మెట్టలలోని తండాలనుండి అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి చేర్చవలసినపుడు పాత పెట్రోలు వ్యాను కదలకున్నచో, సెల్ఫును పదేపదే వాడి బ్యాటరీని ఖాళీచేయరాదు. కారణమును వరుసగా వెదకవలెను.

ముందు బ్యాటరీ తీగెల బిగింపు చూడవలెను. పిమ్మట ప్లగ్గును విప్పవలెను. అది పొడిగానున్నచో సాధారణముగా పెట్రోలు అందుటలేదని గ్రహించి ఫిల్టరును, పంపును పరీక్షించవలెను. తడిగానున్నచో నిప్పురవ్వ లోపించి యుండవచ్చును. అప్పుడు డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లను శుభ్రపరచి, వాటి ఎడమును ఆ ఇంజనుకు నిర్ణయించిన కొలతకు సరిచేయవలెను. అవి తరచు మాడుచున్నచో కండెన్సరును మార్చవలెను.

వేసవి ఎండలో నడచి ఆగిన ఇంజనునందు పెట్రోలు గొట్టములోనే ఆవిరియై అడ్డుపడవచ్చును, చల్లారనిచ్చిన చాలును. పెట్రోలు కారుచున్నచోట నిప్పురవ్వను పరీక్షించుట ప్రమాదకరము.

పంచాయతీ సభ్యులు నెలకొకమారు ఈ తనిఖీ జరిపించి, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు అదనముగా బండిలో నుంచవలెను. ఆపదవేళ మెకానిక్కు దొరకడు.